రెండు ఇంజన్లకూ ఒకే చేయి

కొండమీది ఎయిర్‌ఫీల్డ్,
మెకానిక్కుల గది.
జనవరి నెలాఖరు.

పిన్నీ,

క్షేమంగా చేరాను. చేరగానే రాయలేదని ఈపాటికి బాబాయి దగ్గర నా మీద చాడీలు చెప్పే ఉంటావు. ఇక్కడ ఫోను ఒక్కటే ఉంది. అది స్టేషన్ సారు బల్ల మీద ఉంటుంది, ఆయన చెవులూ అక్కడే ఉంటాయి. మంచు పడే నెలల్లో రోడ్డు మూసేస్తారు కాబట్టి ఉత్తరాల సంచీ మా విమానంలోనే రావాలి, మా విమానంలోనే పోవాలి. నా ఉత్తరం నీ చేతికి వచ్చిందంటే విమానం ఎగిరిందన్నమాట.

ఉన్నది ఒకే విమానం. రెండు ఇంజన్లు, రెండు ప్రొపెల్లర్లు. కొండ దిగేటప్పుడు రోగులు, ఎక్కేటప్పుడు మందులు, వాటి మధ్య బంగాళాదుంపల మూటలు. దారిలో ఏదైనా మొరాయిస్తే చూసుకోవడానికి మెకానిక్ ఒకరు వెంట వెళ్ళాలి. మా పెద్దమేస్త్రికి నడుంనొప్పి. అందుకని వెనకసీటు నాకు రాసిచ్చేశారు. ప్రతి ట్రిప్పులోనూ ఆ మూటలతోపాటు నేనూ ఒక మూటనే.

పెద్దమేస్త్రి మాట్లాడితే ఎక్కడ ముత్యాలు రాలిపోతాయో అన్నట్టు ఉంటాడు. వచ్చిన రోజున నాతో చెప్పింది ఒక్కటే: "రెండు ఇంజన్లకూ ఒకే చేయి పడకూడదమ్మా. తప్పు చేస్తే ఒకపక్కే చెయ్యి. రెండోది మనల్ని ఇంటికి చేరుస్తుంది." అందుకని ఎడమది నాకిచ్చి కుడిది తను ఉంచుకున్నాడు. నేను బిగించింది ఆయన చూస్తాడు, ఆయన బిగించింది నేను చూస్తాను. ఇద్దరం ఒకే రోజున రెండూ ముట్టుకోం.

నువ్వు ఇన్నేళ్ళుగా ఫ్యూయల్ కంట్రోళ్ళు బాగుచేస్తున్నావు గానీ ఒక్కటైనా ఇంజన్ మీద పనిచేస్తుండగా చూడలేదన్నావు కదా, విను. ముందు స్టార్టర్ మోటారు ఇంజన్ని ఊరికే తిప్పుతుంది. గాలి లోపలికి పోతుంది, నిప్పురవ్వలు టిక్కుటిక్కుమంటాయి, మంట మాత్రం ఉండదు. తగిన వేగం వచ్చాక పైలట్ లివరు జరుపుతాడు. అప్పుడు నీ ఫ్యూయల్ కంట్రోల్ పెట్టె దారి వదులుతుంది. నాజిళ్ళలోంచి ఇంధనం సన్నటి తుంపరగా పడి గుప్పుమని అంటుకుంటుంది. వేడి చూపించే సూది లేస్తుంది. ఆ కాసేపూ అందరి కళ్ళూ ఆ సూది మీదే. ఇంధనం ఎక్కువైతే లోపలి రెక్కలు మాడిపోతాయి, తక్కువైతే ఇంజన్ అందుకోలేక మూలుగుతూ ఉండిపోతుంది.

పెద్దమేస్త్రి కుడి ఇంజన్ కవరు తీసి చూపిస్తుంటే దాని ఫ్యూయల్ కంట్రోల్ మీద నీ స్టాంపు కనబడింది! అది మా పిన్నిదని అందరికీ చెప్పేదాకా నాకు నిద్రపట్టలేదు. దాన్ని తెరిచే అధికారం మాకు లేదు. లోపల ఏం జరుగుతుందో నువ్వే రాయాలి.

నీ
పిడుగు


ఇంధన పరికరాల షాపు,
మూడో బల్ల.
ఫిబ్రవరి మొదట్లో.

ఒసే పిడుగూ,

నీ ఉత్తరం మీ బాబాయి చదివి వినిపించాడు. స్టార్టర్ శబ్దం కూడా నోటితోనే చేశాడు. పక్కింటావిడ తలుపు తట్టి కుక్కర్ గానీ పేలిందా అని అడిగిపోయింది.

లోపలి సంగతి అడిగావు కదా. ట్యాంకులో ఉన్న చిన్న పంపు ఇంధనాన్ని ఇంజన్ దాకా తోస్తుంది. అది వేడి ఆయిలు గొట్టాలను రాసుకుంటూ పోతుంది. దాంతో ఆయిలు చల్లబడుతుంది, ఇంధనం వెచ్చబడుతుంది, ఇంధనంలో చెమ్మ ఉన్నా మంచు కట్టదు. ఒకరి బాధ ఇంకొకరికి మందు. తరవాత వడపోత, ఆ తరవాత పెద్దపంపు. ఈ పెద్దపంపుది మా అత్తగారి చెయ్యి. ఎదుటివాడికి ఆకలి ఉందా లేదా అని చూడదు, వడ్డిస్తూనే ఉంటుంది. వడ్డించిందంతా మంటలోకి పోతే కొంప మునిగినట్టే. అందుకని మధ్యలో నా పెట్టె ఉంటుంది. పైలట్ లివరు ఎక్కడుంది, ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోంది, గాలి ఒత్తిడి ఎంత అన్నీ కనిపెట్టి కావలసినంతే ముందుకు వదులుతుంది. మిగిలినదాన్ని మళ్ళీ పంపు దగ్గరికే తిప్పి పంపిస్తుంది. ఈ పని అంతా చేసేది నాలుగు స్ప్రింగులు, తిరిగే బరువులు, చిన్న చిన్న కవాటాలు.

వెనక్కి పోయే ఆ దారి మీద ఒక మూత ఉంటుంది. మూత కింద ఉంగరం లాంటి రబ్బరు సీలు. దాన్ని గాడిలో కూర్చోబెట్టేటప్పుడు మెలిక పడకూడదు, అంచుకి గీసుకోకూడదు. నల్ల గాడిలో నల్ల రబ్బరు, కంటికి ఏం ఆనుతుంది? అందుకని నేను వేలిచివరతో చుట్టూ తడిమి చూస్తాను. వెంట్రుకంత గాటు ఉన్నా వేలికి తెలుస్తుంది. మా ఇన్‌స్పెక్టరు పేరు భూతద్దం అని చెప్పాను కదా, అందరి పనినీ మూత వెయ్యకముందు అద్దం పెట్టి చూస్తాడు. నా బల్ల దగ్గరికొచ్చేసరికి సంతకం గీకేసి టీ తాగడానికి పోతాడు. నీ వేళ్ళు చూశాక నా అద్దం దేనికంటాడు. ఈ ముక్క రాస్తుంటే గర్వంగానే ఉంది, ఎందుకు దాచుకోవాలి?

మీ ఎడమ ఇంజన్ పెట్టె గడువు అయిపోవచ్చిందట. మార్చడానికి ఇంకొకటి పంపిస్తున్నారు. నిన్ననే బిగించాను, అదీ నా చేతిదే. దిష్టి తగలకుండా చూసుకో.

నవ్వొచ్చే సంగతి ఒకటి. మొన్న ఇస్త్రీ చేస్తూ మీ బాబాయితో కబుర్లలో పడ్డాను. ఏదో కాలిన వాసన వస్తోందని ఆయన చొక్కా వెతుకుతున్నాడు. తీరా చూస్తే కాలింది నా వేలు! బొబ్బ లేచేదాకా నాకే తెలియలేదు. ఇల్లాలి వేలు కాలుతుంటే చొక్కా వెతికే మొగుడు దొరకడం కూడా అదృష్టమేనే.

మీ
పిన్ని


కొండమీది ఎయిర్‌ఫీల్డ్.
ఫిబ్రవరి మూడోవారం.

పిన్నీ,

పెద్దపంపు మీ అత్తగారి చెయ్యి అన్న ముక్క చదివి వినిపిస్తే పెద్దమేస్త్రి నవ్వాడు. ఆయనకి పళ్ళున్నాయని ఆ రోజే తెలిసింది.

నువ్వు నవ్వమన్న ఇంకో సంగతికి మాత్రం నవ్వు రాలేదు. వేలు కాలుతుంటే తెలియకపోవడం ఏమిటి? కబుర్లలో పడితే మాత్రం ఒళ్ళు తెలియకుండా పోతుందా? అమ్మమ్మకి షుగరుతో కాలి జబ్బు ఎలా మొదలైందో నువ్వే చెప్పేదానివి, కాలి చెప్పు జారిపోయినా తెలిసేది కాదని. వెంటనే షుగరు పరీక్ష చేయించుకో. బాబాయికి కూడా విడిగా రాస్తున్నాను, కాబట్టి దాచే ప్రయత్నం చెయ్యకు.

ఎడమ ఇంజన్ పెట్టె దిగింది. ప్యాకింగు మీద గీత కూడా పడలేదు. తనిఖీలో విమానం రెండు రోజులు ఆగినప్పుడు నేనే బిగిస్తాను. మన ఇద్దరి చేతులూ ఒకే ఇంజన్ మీద పడటం ఇదే మొదటిసారి. చాలా సంతోషంగా ఉంది పిన్నీ.

నీ
పిడుగు


ఇల్లు.
మార్చి మొదట్లో.

పిడుగూ,

గోరంతని కొండంత చెయ్యడం మీ అమ్మ దగ్గర నేర్చుకున్నావు. మా అక్క కూడా అంతే, నాకు తుమ్మొస్తే తను మంచం ఎక్కేది. ఆవిడ పోయి నిన్ను నా మీద పెట్టింది, ఇప్పుడు నువ్వు నాకు అమ్మవి కాబోతున్నావు.

ఉన్నమాట చెప్తాను, ఇంతటితో వదిలెయ్. వేళ్ళ చివర కాస్త తిమ్మిరి ఉంటోంది. చలి మొదలైనప్పట్నుంచీ ఉంది, చలితోపాటే పోతుంది. అలవాటైన చేతులకి కళ్ళు కూడా అక్కర్లేదు, ఈ కాస్త తిమ్మిరి ఏం చేస్తుంది? షాపులో ఎవరికీ చెప్పలేదు. చెప్తే డాక్టరు కాగితం తెమ్మంటారు, తెచ్చేదాకా బల్ల ఇంకొకరికి ఇస్తారు. ఇచ్చిన బల్ల మళ్ళీ నాకు రాదు. నాకు పెద్ద చదువు లేదు, ఇంకో విద్య లేదు. ఆ బల్ల ముందు కూర్చుంటేనే నేను ఫలానా అని నాకు అనిపిస్తుంది. అందుకని బాబాయికి ఏదైనా రాసి ఉంటే నువ్వే సర్దిచెప్పు.

పరీక్షకి వేసవిలో వెళ్తాను. నీ మీద ఒట్టు వెయ్యను, ఎందుకంటే వెళ్తానో లేదో నాకే తెలియదు.

మీ
పిన్ని


కొండమీది ఎయిర్‌ఫీల్డ్.
మార్చి నెల.

పిన్నీ,

ఈ ఉత్తరం ఎప్పుడు చేరుతుందో తెలియదు. విమానం నేలమీద ఉంది. ఆపించింది నేనే.

నీ పెట్టె బిగించాను. గొట్టాలు కలిపాను, పెద్దమేస్త్రి ప్రతి బిగింపూ చూశాడు. పొద్దున్నే ఇంజన్ నడిపి చూద్దామని ఆయన కాక్‌పిట్‌లో కూర్చున్నాడు, నేను కింద నిలబడ్డాను. ఇంజన్ చక్కగా అందుకుంది. తరవాత కవరు కింది అంచు నుంచి ఒక చుక్క జారింది. ఇంకొకటి జారింది. ఆగమని చెయ్యి ఊపాను. కవరు తీస్తే నేను కలిపిన చోట్లన్నీ పొడిగా ఉన్నాయి. తడి నువ్వు వేసిన మూత దగ్గర ఉంది, మేము ముట్టుకోకూడదని సీసం ముద్ర వేసిన మూత దగ్గర. మీ షాపు వెచ్చగా ఉంటుంది, టెస్ట్ బెంచి మీద పరీక్షించినప్పుడు కారకుండా నిలిచి ఉంటుంది. ఇక్కడి చలికి రబ్బరు బిగుసుకుని గాటు తెరుచుకున్నట్టుంది. ఇంజన్ వేడి భాగం అక్కడికి జానెడు దూరంలో ఉంటుంది. ఆ చుక్క ఆకాశంలో దాని మీద పడి ఉంటే ఏమయ్యేదో నీకు చెప్పక్కర్లేదు.

స్టేషన్ సారు మంచివాడు పిన్నీ. ఆయన చెవుల గురించి రాసింది వెనక్కి తీసుకుంటున్నాను. అది నీ చేతిదని ఆయనకి తెలుసు. దించేటప్పుడు దెబ్బతిందని రాద్దాం, ఇంకొకటి పంపుతారు, ఎవరికీ నొప్పి ఉండదన్నాడు. నేను సరేనన్నాను. నిజంగా అన్నాను. పెన్ను కూడా తీశాను.

అప్పుడు కుడి ఇంజన్ గుర్తొచ్చింది. పెద్దమేస్త్రీ నేనూ చెరో ఇంజనూ పంచుకుని జాగ్రత్తపడ్డాం అనుకున్నాం. రెండింటి లోపలా ఉన్నది నీ చెయ్యే. కుడిది శీతాకాలం మొదట్లో వచ్చింది, నీకు తిమ్మిరి మొదలైంది కూడా అప్పుడే. అది ఏ జబ్బూ లేకుండా తిరుగుతోంది. బాగా నడుస్తున్నదాన్ని విప్పమంటే కారణం చెప్పాలి. ఆ కారణం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అదీ నువ్వు నన్ను నమ్మి రాయడం వల్ల తెలిసింది.

రాసేశాను. రెండు యూనిట్లూ ఒకే మనిషి బిగించినవని, ఆ మనిషికి కొన్ని నెలలుగా వేళ్ళలో స్పర్శ తగ్గిందని, బంధువుని కాబట్టి నాకు తెలిసిందని, రెండూ విప్పి చూడాలని రాశాను. సారు చదివాడు. "మీ పిన్నికి ముందు ఒక మాట చెప్పవా?" అని ఫోను నా వైపు జరిపాడు. రిసీవరు ఎత్తి పెట్టేశాను. నీ గొంతు వింటే ఆ కాగితం పంపగలిగేదాన్ని కాదు. ముందు దాన్ని ఆ ఫోను లైను మీదే ఫ్యాక్సులో పంపించి, ఇప్పుడు నీకు రాస్తున్నాను.

నాకు జడ వెయ్యడం దగ్గర్నుంచి స్పానరు పట్టడం దాకా నేర్పినదానివి. నీ బల్ల పోతుందని తెలిసే చేశాను. నాకు భయంగా ఉంది.

పిడుగు


ఇల్లు.
మార్చి నెల.

అమ్మాయికి,

మీకు మార్పు యూనిట్లు తీసుకొచ్చే వేరే విమానంలో పడెయ్యమని ఈ కాగితం మీ బాబాయికి ఇస్తున్నాను. నీ దగ్గర్నుంచి నాకు ఉత్తరం ఏమీ రాలేదు. మేనేజరు తన గదిలోకి పిలిచి నీ రిపోర్టు నా చేత చదివించాడు. భూతద్దం పక్కనే ఉన్నాడు. చివర సంతకం మీ అమ్మాయిదేనా అని అడిగారు. అవునన్నాను. ఇంకేమైనా చెప్తావా అన్నారు. లేదన్నాను.

నవ్వుకోమని రాసిన ముక్కని ఆఫీసు కాగితం మీదికి ఎక్కించావు. గుట్టుగా ఉంచమన్నదాన్ని మేనేజరు చేత చదివించావు. ఇంటిదొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు, నేనెలా పట్టుకోగలను? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం ఎక్కడ నేర్చుకున్నావు? అదైతే నేను నేర్పలేదు.

నువ్వు చేసింది తప్పని నేను అనలేను. ఆ పని తెలిసినదాన్ని కాబట్టి అనలేను. కానీ ఒక్క ఫోను చెయ్యలేకపోయావా? ఆ గదిలోకి వెళ్ళేముందు నాకు తెలిసి ఉండాల్సింది. వాళ్ళ ముందు నా మొహం ఎలా పెట్టుకోవాలో తెలియలేదు.

బల్ల మీది పనిముట్లు తుడిచి అప్పజెప్పి వచ్చాను.

పిన్ని


ఇల్లు.
ఏప్రిల్ నెల.

పిడుగూ,

యూనిట్లు తెచ్చిన విమానమే తిరుగు ప్రయాణంలో నీ ఉత్తరం తెచ్చింది. మూసిన రోడ్డూ, ఆగిన విమానమూ దాన్ని అక్కడ ఆపాయి, నా కోపం ఈలోగా ఇక్కడ్నుంచి బయల్దేరిపోయింది. తిన్నింటి వాసాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ మాట రాసిన మూడోరోజే మీ బాబాయి నన్ను ఆసుపత్రికి లాక్కుపోయాడు. షుగరు చాలా ఏళ్ళుగా ఉండి ఉంటుందన్నారు. వేళ్ళకి సూదిమొనతో పొడుస్తూ తెలుస్తోందా అని అడిగారు. నేను కళ్ళు మూసుకుని కొన్నిసార్లు తెలుస్తోందని అబద్ధం చెప్పాను. ఆ డాక్టరు అప్పుడు పొడవనే లేదట. మీ బాబాయి చెప్పాడు.

నన్ను టెస్ట్ బెంచి దగ్గరికి మార్చారు. కుర్చీలో కూర్చుని గేజీలు చూసి అంకెలు చెప్పాలి. కళ్ళు బాగానే ఉన్నాయి కాబట్టి కుదిరింది. మూడో బల్ల దగ్గర ఇప్పుడు ఒక ఎడమచేతి వాటం అమ్మాయి కూర్చుంటోంది. అటువైపు చూడకుండా ఉండటానికి ఇంకా కొన్నాళ్ళు పడుతుంది. భూతద్దానికి మెమో ఇచ్చారు. ఇప్పుడు అందరి పనీ రెండుసార్లు చూస్తున్నాడు, మూతలు వెయ్యనివ్వడం లేదని షాపంతా తిట్టుకుంటోంది. ఈ శీతాకాలం నా చేతి మీదుగా పోయినవన్నీ వెనక్కి పిలిపించారు. చాలావరకు బాగానే ఉన్నాయి.

ఫోను చెయ్యలేదని నిన్ను దెప్పాను. నీ ఉత్తరం చదివాక ఆలోచించాను. నువ్వు ఫోను చేసి ఉంటే ఏమనేదాన్నో నాకు బాగా తెలుసు. దించేటప్పుడు దెబ్బతిందని రాసెయ్యవే అనేదాన్ని. బతిమాలేదాన్ని, అవసరమైతే ఏడ్చేదాన్ని. నువ్వు రాసేదానివి కూడా. నా మాట నువ్వు ఎప్పుడూ కాదనలేదు. అందుకే చెయ్యలేదని ఇప్పుడు అర్థమైంది.

మీ రెండు పెట్టెలూ తెరిచేటప్పుడు నేను ఉంటానని అడిగాను. మేనేజరు ఒప్పుకున్నాడు. ఎడమది ముందు తెరిచారు. సీలుకి సన్నటి గాటు, నువ్వు అనుకున్నట్టే. తరవాత కుడిది. భూతద్దం మూత తీసి అద్దంతో రెండుసార్లు చూశాడు. తరవాత అద్దం నాకిచ్చాడు. సీలు సగానికి తెగి ఉంది. మిగతా సగం ఎలాగో పట్టుకుని ఉంది.

నేను దాన్ని వేలితో చుట్టూ తడిమాను. నున్నగా ఉందనే చెప్పింది నా వేలు. అద్దంలో తెగిన చోటు కనబడుతూనే ఉంది, దాని మీదే వేలు పెట్టాను, అప్పుడు కూడా నున్నగానే ఉంది.

జనవరి నుంచీ నువ్వు వెనకసీట్లో కూర్చుని కొండలు దాటింది దాన్ని నమ్ముకునే. భూతద్దం అక్కడే నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు, నా బల్ల పోయిందని ఏడుస్తున్నాననుకుని నన్ను ఓదార్చాడు. నేను ఏడ్చింది దానికి కాదు. నువ్వు కింద, నేలమీద ఉన్నావన్న సంతోషం ముందు వచ్చింది. బల్ల సంగతి ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది.

మీ
పిన్ని